రోజ్ మిల్క్ పేరుతో రంగునీళ్ళా?

మన పల్లెల నుంచి రాజమండ్రి వెళ్ళినవారు పని ముగిశాక నేరుగా బస్టాండుకు పోరు. కోటగుమ్మం దగ్గర ఆగి ఒక గ్లాసు రోజ్ మిల్క్ తాగి మరీ బయలుదేరతారు. పెళ్ళిబట్టలకు వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, కోర్టు వాయిదాకు వెళ్ళినా ఇదే తంతు. 1950ల నుంచీ సాగుతున్న అలవాటు ఇది. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది. 2022లో రెండు గోదావరి జిల్లాలనూ విడగొట్టి కొత్త జిల్లాలు చేశారు. గ్లాసు పేరు మాత్రం మారలేదు. అది ఇప్పటికీ రాజమండ్రి రోజ్ మిల్కే.

ఆ గులాబీ రంగంటే మనకు ఇంత మమకారం ఎందుకు? చిన్ననాటి ఐసుడబ్బాను తలుచుకుంటే తెలుస్తుంది. సైకిలు వెనక చెక్కడబ్బా, హ్యాండిలుకు రబ్బరు బూర. మిట్టమధ్యాహ్నం ఆ బూర వినబడితే చాలు, నిద్ర నటిస్తున్న పిల్లలందరూ వీధిలో ఉండేవారు. ఎర్ర ఐసు, నారింజ ఐసు, పాల ఐసు, సేమ్యా ఐసు. చేతిలో డబ్బు లేకపోతే నూర్పుళ్ళ రోజుల్లో దోసెడు వడ్లకు ఇచ్చేవాడు, పాత ఇనుముకూ ఇచ్చేవాడు. తిన్నాక ఎవరి నాలుక ఎక్కువ ఎర్రబడిందని పందెం. ఇంట్లో అబద్ధమాడకుండా పట్టిచ్చేది కూడా ఆ నాలుకే. అలా పుల్ల ఐసు చీకిన పిల్లవాడికి, ఏడాదికొకసారి నాన్న వెంట పట్నం వెళ్ళి చల్లని చిక్కని గులాబీరంగు పాలు తాగడమంటే పండుగే గదా!

మా నాన్న నాకొక గ్లాసు ఇప్పించి తాను తాగేవాడు కాదు. "నాకు పడదురా" అనేవాడు. పడక కాదు, చేతిలో డబ్బు చాలక అని నాకు పిల్లలు పుట్టాక గాని తెలిసిరాలేదు.

ఆ గ్లాసులోని గొప్ప రంగుది కాదు, పాలది. గేదెపాలు బాగా మరగకాచి, చిక్కబడ్డాక చల్లార్చి, ఆపైన గులాబీ పాకం కలిపితేనే ఆ రుచి. ఆవుపాలలో సహజంగా కాస్త పసుపుఛాయ ఉంటుంది. గేదెపాలు తెల్లగా ఉంటాయి, వెన్నా ఎక్కువే. అందుకే కొద్దిపాటి పాకం పడినా రంగు చక్కగా తేలుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో వరి పెరిగింది. వరిగడ్డి మీద పాడి నిలిచింది. మన రోజ్ మిల్క్ వెనక ఉన్నది ఆ పాడే.

నిజం చెప్పుకోవాలంటే రోజ్ మిల్క్ మనమొక్కరమే చేసేది కాదు. మద్రాసు మైలాపూరులో కాళత్తి దుకాణం రోజ్ మిల్క్‌కు కూడా ఎంతో పేరు. ఇక గులాబీల సంగతంటారా? కడియం పూలతోటలు రాజమండ్రి పక్కనే ఉన్నా, బజారులో దొరికే పాకం సీసాల్లో సాధారణంగా ఉండేది ఎసెన్సే. కాబట్టి రంగును చూపి ఇది మాది అనలేము. చిక్కని పాలను, ఓపికగా కాచే పద్ధతిని చూపి మాత్రమే అనగలము.

ఇప్పుడు పోతున్నది సరిగ్గా అదే. రోడ్డు పొడుగునా ఎక్కడ చూసినా రాజమండ్రి రోజ్ మిల్క్ బోర్డులే. నిరుడు ఎండల్లో మనవడితో వస్తూ అలాంటి ఒక బండి దగ్గర ఆగాను. పాలు నీళ్ళలా ఉన్నాయి. పైన చితక్కొట్టిన ఐసు వేశాడు. ఇంటికి వచ్చి సబ్బుతో కడిగినా పిల్లవాడి పెదవుల మీద ఎరుపు పోలేదు. రాత్రి వాంతులు. అది రంగు వల్లనో, నీళ్ళ వల్లనో నాకు తెలియదు. తెలుసుకునే దారి మన పల్లెవాళ్ళకు దగ్గరలో లేకపోవడమే నా బాధ.

మన దేశంలో తినుబండారాలకు అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటిలో ఎరుపు మూడు: పాన్సో 4ఆర్, కార్మోసిన్, ఎరిత్రోసిన్. అవైనా ఐసులలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. బట్టలకు వేసే రోడమిన్ బి అనే గులాబీరంగుకు అసలు అనుమతే లేదు. చవకగా దొరుకుతుంది, చిటికెడు వేస్తే చాలు, అందుకే కొందరు దాని జోలికి పోతారు. పీచు మిఠాయిలో ఆ రంగు బయటపడడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచు మిఠాయి అమ్మకాన్నే నిషేధించాయి.

ఐసు సంగతి ఇంకొకటి. భీమవరం, ఆకివీడు వైపు నుంచి చేపలు, రొయ్యలు దూరప్రాంతాలకు పోయేది ఐసు మీదే. చేపలపెట్టెలో వేసే దిమ్మెకు తాగేనీరే వాడాలని ఎవరూ పట్టించుకోరు. ఆ దిమ్మే పగిలి పానీయాల బండి మీదకు వస్తే చూసి గుర్తుపట్టడం ఎలా? 2018లో మహారాష్ట్రలో తినరాని ఐసుకు నీలిరంగు కలపాలని ఆదేశించారు. తెల్లనిది తినేది, నీలిది తినరానిది. చదువురానివారికి కూడా తెలిసిపోతుంది. మన డెల్టాకు అంతకన్న పనికివచ్చే నిబంధన మరొకటి లేదు. దాన్ని ఇక్కడ గట్టిగా అమలు జరపాలి.

"మేము చిన్నప్పుడు తినలేదా, మాకేమైంది?" అనే పెద్దలున్నారు. మనకేమీ కాలేదన్నది ఆ రంగు మంచిదనడానికి సాక్ష్యం కాదు. అప్పుడు ఎవరూ పరీక్షించలేదు, అంతే. పైగా మనం ఎప్పుడో ఒక ఐసు తిన్నాం. ఇప్పటి పిల్లలు రోజూ ఏదో ఒక రంగు మింగుతున్నారు.

అలాగని బండివాళ్ళను పట్టుకుని సరుకు పారబోస్తే పని అయిపోదు. ఎండలో నిలబడి పొట్ట పోసుకునేవాడికి తాను కొన్న పొట్లంలో ఏ రంగుందో తెలియదు. పేరూ ఊరూ లేని పొట్లాలు అమ్మే టోకు వర్తకుని దగ్గర మొదలుపెట్టాలి. తయారీదారు చిరునామా, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్న సీసాలే కొనమని బండివాళ్ళకు నేర్పాలి.

కొనేవారికీ ఒక హక్కు ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షను ప్రకారం, కొనేటప్పుడే అమ్మేవానికి చెప్పి, రుసుము కట్టి, సరుకును ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము వాపసు ఇస్తారు. కాని నమూనా పట్టుకుని ఎక్కడికి పోవాలో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి ఉంటే గదా ఆ హక్కు పనికివచ్చేది!

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోజ్ మిల్క్‌కు అటువంటిది రావడం కష్టమే. దీని పేరు కాపాడవలసింది తాగే మనమే. 2015 తరువాత మళ్ళీ గోదావరి పుష్కరాలు 2027లో. పుష్కరాలకు వచ్చే జనం ఎంతో మనకు తెలియనిది కాదు. అటువంటి వేళ రాజమండ్రి పేరు పెట్టి ఏ రంగునీళ్ళు పోసినా ఆ మాట ఊరికే తగులుతుంది. ఘాట్లతోపాటు పానీయాల బండ్లనూ, ఐసునూ ముందే తనిఖీ చేయడం అధికారుల విధి.

మనం చేయవలసింది చిన్నపని. గ్లాసు అందుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: పాలు కాచినవేనా? ఐసు ఎక్కడిది? జవాబు చెప్పగలిగినవాని దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. చెప్పలేనివాని దగ్గర తాగకండి. మా నాన్న తాను తాగక నాకు ఇప్పించిన గ్లాసులో ఉన్నవి పాలు. నా మనవడికి నేను ఇప్పించేది కూడా పాలే కావాలి.