బరువు చూసేవారు భయాన్నీ అడగాలి

పిల్ల లావెక్కితే తిండిని తప్పుపడతాం. ఈడుకు ముందే రజస్వల అయితే బ్రాయిలర్ కోడిని నిందిస్తాం (పాపం, ఆ కోడి మోయని నింద లేదు!). పిల్ల మనసులో భయమేమైనా ఉందా అని మాత్రం అడగం. వైద్యులు సైతం అడగకపోవడం నాకు సమ్మతం కాదు.

1985లో అమెరికాలోని శాన్ డియాగోలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి నడిపిన స్థూలకాయ చికిత్సా కేంద్రంలో, చక్కగా బరువు తగ్గుతున్నవారే చికిత్స మానివేయసాగారు. విచారించగా, వారిలో అనేకులు బాల్యంలో లైంగిక హింసకు గురైనవారని తేలింది. కొందరికి ఆ లావే రక్షణ కవచమైంది. తరువాత డాక్టర్ రాబర్ట్ అండా ప్రభృతులతో కలిసి ఆయన 1998లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. బాల్యంలో నాలుగు లేక అంతకు మించిన రకాల బాధలు అనుభవించినవారిలో, అవేవీ లేనివారికంటే, మద్యపాన వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటివి 4 నుంచి 12 రెట్లు అధికం. తీవ్ర స్థూలకాయం సుమారు ఒకటిన్నర రెట్లు.

ఎడతెగని భయం కార్టిసాల్ హార్మోనును పెంచుతుంది. దానివల్ల ఆకలి హెచ్చుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. కొవ్వు పెరిగిన బాలికలు త్వరగా ఈడేరడం కద్దు. లైంగిక హింసకు గురైన బాలికల్లోనూ ఇది కనిపిస్తుంది. వంశపారంపర్యం, ఆహారం, ఇతర వ్యాధులూ కారణాలే. కనుక ఎనిమిదేళ్లు నిండకముందే ఆడపిల్లలో ఆ మార్పులు మొదలైతే పరీక్షలు తప్పనిసరి.

పరీక్షలతోపాటు, పిల్లను పక్కకు పిలిచి నెమ్మదిగా అడగండి: "ఇంట్లోగాని, బడిలోగాని నిన్నెవరైనా భయపెడుతున్నారా అమ్మా?" జవాబు ఆ రోజే రాకపోవచ్చు. మళ్లీ అడగండి. హింస జరుగుతున్నదని తెలిస్తే 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.