బడిలో ఆట

తరగతిలో పిల్లలు లేచి యటునిటు తిరుగుచు, ఒకరి నొకరు ప్రశ్నించుకొనుచు, నవ్వుచుండుట గాంచిన తలిదండ్రులు పెక్కురు నేడు చదువు సాగలేదని తలంతురు. అందఱును చేతులు కట్టుకొని పాఠమును పదిమారులు వల్లించినచో సంతృప్తి నొందుదురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము.

పుస్తకమును మరల చదువుట వేఱు; పుస్తకమును మూసి, చదివినదానిని మనస్సునుండి పైకి దీయుట వేఱు. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పికీ యనువారు ఈ భేదమును కళాశాలా విద్యార్థులయందు పరీక్షించి 2006లో ప్రకటించిరి. అయిదు నిమిషములకు మరల చదివినవారే మిన్నగా నుండిరి. వారము గడచిన పిమ్మట వారికి నూటికి 42 పాళ్లును, జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాసినవారికి 56 పాళ్లును గుర్తుండెను. మంచి యాట పిల్లలచే చేయించునది ఈ పనియే.

ఇది మనకు క్రొత్త గాదు. పద్యము కడపటి యక్షరముతో మఱియొక పద్యము నందుకొను పోటీ మన యిండ్ల నాడినదే. తొక్కుడుబిళ్ల గడులలో అంకెలు వ్రాసి, బిళ్ల పడిన యంకెకు ఏడవ యెక్కము చెప్పింపవచ్చును. నదుల పేళ్లు కొన్ని చీటీలపైనను, అవి పుట్టు చోట్లు కొన్నిటిపైనను వ్రాసి పంచినచో, గోదావరి చీటీగల బాలిక త్ర్యంబకమును, కృష్ణ చీటీగల బాలుడు మహాబలేశ్వరమును వెదకి జతగూడుదురు. ఇందులకు కావలసినది ఒక సుద్దముక్క, నాలుగు కాగితములు.

అయినను ఆటలన్నియు మేలుచేయవు. తప్పు చెప్పినవానిని 'ఔట్' అని మూల గూర్చుండబెట్టు ఆట యున్నది. అందు ఎవనికి అభ్యాస మెక్కువ కావలెనో వాడే ముందు తొలగిపోవును. వచ్చినవాడే మరల మరల చెప్పుచుండును. వీథిబడుల కోదండము పోయినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము శారీరక దండనమునే గాక మానసిక వేధింపును గూడ నిషేధించినది. నవ్వులపాలై మూల గూర్చుండుట ఆ కోదండమునకు తోబుట్టువు గాకుండ జూచుట ఉపాధ్యాయుని బాధ్యత. తప్పినవాడు తొలగరాదు. జట్టువారి నడిగి, సరియైన యుత్తరమును తన నోట జెప్పి, మరల వరుసలో నిలువవలెను. ముందు ప్రశ్న వేసి, ఒక క్షణ మాగి, పిమ్మట పేరు పిలిచినచో తరగతి యంతయు ఆలోచించును.

ఉపాధ్యాయులు వారమునకు ఒక గంట ఇందులకు కేటాయింతురు గాక. తలిదండ్రులు సాయంకాలమున మార్కుల నడుగుటకు ముందు, నేడు బడిలో ఏమి యాడితిరి, అందులో నీకేమి తెలిసినదని పిల్లల నడుగుదురు గాక. కడపటి బల్లమీది బాలుడు లేచి నోరు విప్పిన దినముననే ఆ యాట గెలిచినట్లు.