బ్లూటూత్ పెట్టినప్పుడు పోని ఆత్మ, స్టీరింగ్ దగ్గరే పోతుందా?

పాత కారుకి పవర్ స్టీరింగ్ పెట్టిస్తే దాని ఆత్మ పోతుందట! ఈ మాట ఈ మధ్య మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా వారు అన్నారు, మా వారి స్నేహితులు అన్నారు, శనివారం పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని, కార్ల బానెట్లు ఎత్తి, చుట్టూ నిలబడే పెద్దమనుషులందరూ అన్నారు. మా అత్తగారు భగవద్గీత చదివి అర్థం చెప్పినన్నాళ్ళూ ఆత్మ గురించి వీళ్ళలో ఒక్కరికీ ఇంత బెంగ కనపడలేదు.

సంగతేమిటంటే, మేముండేది సెయింట్ లూయిస్ శివార్లలో. మా వారికి చిన్నప్పటి నుంచీ కార్వెట్ అంటే పిచ్చి. 1953 చివర్లో మొదలుపెట్టి 1981 దాకా ఆ కార్లు తయారైంది ఈ ఊళ్ళోనే కనక, "మన ఊరి కారే కదా" అనే వంకతో 1972 స్టింగ్‌రే ఒకటి కొన్నారు. నాకేం అభ్యంతరం లేదు. చేపలా సన్నగా, అందంగా ఉంటుంది. గేర్లు ఆటోమేటిక్. స్టీరింగ్ మాత్రం ఏ సాయమూ లేని రకం, అంతా చేతుల బలమే. ఇప్పుడది అరిగిపోయి, చక్రం రెండంగుళాలు తిప్పినా కారు పట్టించుకోని స్థితికొచ్చింది. బాగుచేయించక తప్పదు, ఎలాగూ డబ్బు పెడుతున్నాం కనక ఇంకాస్త మంచిది వేయిద్దాం అన్నారు. ఏది మంచిది అన్నదే గొడవ.

పెద్దమనుషుల సలహా రెండు ముక్కల్లో ఉంది. ఒకటి, పవర్ లేకుండానే స్టీరింగుని చురుకు చెయ్యండి. రెండు, ఉన్న చక్రం తీసి చిన్న చెక్క చక్రం పెట్టండి, చూడ్డానికి రేసు కారులా ఉంటుంది.

మొదటిది ఎలాగంటే, ముందు చక్రాలను తిప్పే ఇనుప చెయ్యి మీద ఈ కారుకి రెండు రంధ్రాలుంటాయి. టై రాడ్ ఒకదాంట్లో ఉంటే మనం స్టీరింగ్ ఎక్కువ తిప్పాలి, కానీ బరువు తక్కువ. రెండోదాంట్లోకి మారిస్తే కొంచెం తిప్పితేనే కారు చటుక్కున తిరుగుతుంది, కానీ బరువు పెరుగుతుంది. పైసా ఖర్చు లేదని వీళ్ళ సంబరం. ఖర్చెందుకు లేదూ? అది భుజాలు కట్టుకుంటాయి. కంపెనీ వాళ్ళు ఆ చురుకు రంధ్రాన్ని పవర్ స్టీరింగ్ ఉన్న కార్లకి వాడింది ఊరికే కాదు.

రెండోదానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు, తిరగలి విసిరిన ఆడవాళ్ళందరికీ తెలుసు. పిడి అంచున ఉంటే తేలిగ్గా తిరుగుతుంది, మధ్యకి జరిపితే చెయ్యి పడిపోతుంది. స్టీరింగ్ చక్రం చిన్నదైతే జరిగేదీ అదే. 1969లో జీఎం వాళ్ళు ఈ కారు చక్రాన్ని 16 అంగుళాల నుంచి 15కి తగ్గించారు, తొడలకి చోటు చాలడం లేదని. ఆ తగ్గించినదాన్ని ఇంకా తగ్గిస్తారట వీళ్ళు.

మా వారి స్నేహితుడొకాయన నాతో అన్నారు, "వదినగారూ, స్టీరింగ్ బరువుగా ఉంటేనే రోడ్డు చేతికి తెలుస్తుందండీ. పవర్ అంటే, మీరేమీ అనుకోకండి, అది లేడీస్ కోసం."

అనుకున్నానండీ. అనుకుని ఊరుకోకుండా చదివాను కూడా. పవర్ స్టీరింగుని 1926లో చేసి చూపించిన ఫ్రాన్సిస్ డేవిస్, పియర్స్ యారో కంపెనీలో లారీల విభాగం చూసిన ఇంజినీరు. లారీలు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూసి దాని మీద పడ్డాడు. ఆ తర్వాత యుద్ధం రోజుల్లో సైన్యం బరువు వాహనాలకి వాడింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో మామూలు కార్లలోకి వచ్చింది. లారీ డ్రైవర్లు, సైనికులు, ఆ తర్వాత ఖరీదైన కార్ల దొరలు. ఇందులో లేడీస్ ఎక్కడున్నారో నాకైతే కనపడలేదు.

కార్వెట్ సంగతికే వద్దాం. 1963 నుంచి అదనపు డబ్బు కడితే పవర్ స్టీరింగ్ ఇచ్చారు. డెబ్భైల మొదట్లోకి వచ్చేసరికి కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ డబ్బు కట్టి మరీ పెట్టించుకున్నారు. 1977 నుంచి అడగకుండానే అన్ని కార్లకీ ఇచ్చేశారు. ఆ కొన్నవాళ్ళంతా ఆడవాళ్ళేనా? నిజంగా ఆడవాళ్ళ కోసమని అదే కంపెనీ చేసినది ఇంకొకటుంది. 1958లో జీఎంలో పనిచేసే రూత్ గ్లెన్నీ అనే డిజైనర్, ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఒక కార్వెట్‌ని అలంకరించింది. నాలుగు రుతువులకి నాలుగు రకాల సీటు కవర్లు! ఆవిడని అనడం లేదు, ఆవిడ చేతికి ఎంత పని ఇచ్చారో అంతే చేసింది. మనకి సీటు కవర్లు, స్టీరింగ్ సంగతి వాళ్ళు చూసుకుంటారు. అరవై ఏళ్ళు దాటాక మా గ్యారేజీలో జరుగుతున్నదీ అదే. "సీట్ల రంగు నువ్వే సెలెక్ట్ చెయ్యి" అన్నారు మా వారు, ఎంతో ఉదారంగా.

ఇక అసలుతనం. ఈ కారు కంపెనీలోంచి బయటికొచ్చినప్పుడు దీనికి రేడియల్ టైర్లు లేవు, కార్వెట్‌కి అవి 1973లో వచ్చాయి. ఇప్పుడున్నవి వెడల్పాటి రేడియల్స్. నేలని పట్టుకుని వదలవు, నిలబడి ఉన్న కారుని తిప్పడం ఇంత కష్టమవడానికి సగం కారణం అవే. రేడియేటర్ అల్యూమినియంది. ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్‌ది. రంగు ముందు యజమాని ఎప్పుడో మార్చేశాడు. పాటలు బ్లూటూత్‌లో వస్తాయి, ఘంటసాల దగ్గర్నుంచి నిన్నటి సినిమా దాకా. ఇవన్నీ పెట్టినప్పుడు ఆత్మ కదల్లేదు, మెదల్లేదు. నేను నడపగలిగేలా చేసే ఒక్క మార్పు దగ్గరికొచ్చేసరికి రెక్కలొచ్చి ఎగిరిపోతుందా? పోనీ, గేర్లు కారు తనంతట తనే మార్చుకుంటుంటే పౌరుషానికి లోటు రాలేదే!

రోటి పచ్చడి రుచే వేరని లొట్టలేసే మగవాళ్ళలో పచ్చడిబండ పట్టినవాళ్ళు ఎంతమంది? ఇక్కడ మా వారు పట్టారు, ఒప్పుకుంటాను. యాభై మైళ్ళ వేగంలో, తిన్నని రోడ్డు మీద పట్టారు. ఆ వేగంలో ఏ స్టీరింగైనా వెన్నలానే తిరుగుతుంది. బరువంతా తెలిసేది పార్కింగ్‌లో, దాదాపు పదిహేను వందల కిలోల కారుని నిలబెట్టి తిప్పినప్పుడు.

రెండేళ్ళ కింద ఇద్దరం ఆ కార్లో పాత రూట్ 66 మీద పడమటికి వెళ్ళాం. పెట్రోలు బంకు దగ్గర మా వారికి షుగర్ పడిపోయింది. చెమటలు, వణుకు. జ్యూసు తాగించి పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఇంకో అరగంట దాకా ఆయన్ని స్టీరింగ్ ముట్టుకోనిచ్చే ఉద్దేశం నాకు లేదు. కారు గోడకి ముక్కు ఆనించి ఉంది, రెండు పక్కలా బళ్ళు. ఆ ముందు ఏడాది నాకు కుడి భుజం బిగుసుకుపోయి, ఫిజియోథెరపీతో కాస్త కాస్త లేస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో కారు నడుపుతున్న దాన్ని, మంచులో, వానలో, పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని నడిపినదాన్ని, ఆ కారుని ఆ సందులోంచి తిప్పలేకపోయాను. ముక్కూ మొహం తెలియని ఒకబ్బాయి వచ్చి తిప్పి పెట్టాడు. వాడు మంచివాడు. కానీ మా ఇంటి కారుని కదపడానికి దారిన పోయేవాడి దయ ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ కథ ఇప్పుడు పెద్దమనుషుల కాఫీ దగ్గర "ఓల్డ్ కార్, అలానే ఉంటుంది" అనే నవ్వుగా మిగిలింది.

అయినా వాళ్ళు చెప్పేదంతా అబద్ధం అనను. ఆ కాలంలో పెద్ద పెద్ద అమెరికన్ కార్ల పవర్ స్టీరింగ్ నిజంగానే చచ్చుగా ఉండేది, ఒక్క వేలితో తిరిగేది, రోడ్డు సంగతేమీ చెప్పేది కాదు. చిన్న ఎంజీ లాంటి బ్రిటిష్ బళ్ళకి బరువే తక్కువ, వాటికి ఏ పవరూ అక్కర్లేదు. పోటీలకి పెట్టే కారైతే పుట్టినప్పుడున్నది ఉన్నట్టే ఉంచాలి, న్యాయనిర్ణేతలు బోల్టు బోల్టూ చూస్తారు. రంగు మారిపోయిన మాదానికి ఆ యోగం ఎలాగూ లేదు.

అందుకే ఉన్న దారులన్నీ నేనే కూర్చుని చూశాను. ఆ రోజుల్లో కంపెనీ ఇచ్చిన పద్ధతిలో పంపు ఒక చోట, వాల్వు ఒక చోట, తోసే సిలిండర్ ఇంకో చోట, మధ్యలో గొట్టాలు. ఆ వాల్వు కారడానికి పేరుపొందింది. గ్యారేజీ నేల మీద అట్టముక్కలు పరిచేదెవరో చెప్పక్కర్లేదు కదా. ర్యాక్ అండ్ పినియన్ అని కొత్త పద్ధతి కిట్లున్నాయి, చాలా ఖరీదు, పైగా కొన్నింటితో కారు మలుపు తిరగడానికి ఇంకా ఎక్కువ చోటు కావాల్సొస్తుంది. ఎలక్ట్రిక్ మోటారుది నన్ను బాగా ఊరించింది, ఎందుకంటే కొన్నింటికి మీట ఉంటుంది. ఆయన కూర్చున్నప్పుడు సాయం తగ్గించుకోవచ్చు, నేను కూర్చున్నప్పుడు పెంచుకోవచ్చు. కానీ అది స్టీరింగ్ కాలమ్‌లోనే దూరాలి. 1967 మోడళ్ళ నుంచి జీఎం కార్లలో ఆ కాలమ్ గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయేలా చేశారు. అంతకు ముందు అది బల్లెంలా డ్రైవరు గుండెకి గురిపెట్టి ఉండేది. దాన్ని కోసి మోటారు పెట్టాక కూడా ముడుచుకుంటుందా అని అడిగితే ఇద్దరు మెకానిక్కులు నీళ్ళు నమిలారు. అక్కడితో వద్దన్నాను. ఈ ప్రశ్న మాత్రం ఏ కిట్ కొన్నా అడగండి, ఆత్మ పోయిందా లేదా అన్నది తర్వాత, ముందు మనిషి ప్రాణం.

నేను పట్టుబట్టింది, వాల్వు లోపలే ఉండే పవర్ గేర్ బాక్స్. పాతదాని చోటులోనే బోల్టులతో బిగుస్తుంది, ఛాసిస్ కొయ్యక్కర్లేదు, బయట వేలాడే సిలిండర్ ఉండదు, కారే చోట్లు తగ్గుతాయి. ఇప్పటివి మరీ చచ్చుగా ఉండవు, ఇంకా గట్టిగా కావాలంటే పంపు ఒత్తిడి తగ్గించుకోవచ్చు. తీసిన పాత బాక్సు అమ్మొద్దు, నూనె రాసి డబ్బాలో పెట్టించండి అన్నాను. రేపెప్పుడైనా ఆత్మని వెనక్కి పిలవాలనిపిస్తే పిలుచుకుంటారు.

మా అమ్మాయికి పదిహేడు. అది నాన్నతో అంది, "నాకు ఇస్తానన్నావు కదా నాన్నా, నేను తిప్పగలిగే కారు ఇవ్వు." ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి కిట్ల పేజీలు చూస్తూ కూర్చున్నారు.

పోయిన వారం మెకానిక్ దగ్గర కూర్చుని వరస రాయించాను. ముందు కాలమ్‌కీ బాక్సుకీ మధ్యన ఉండే రబ్బరు బిళ్ళ, తర్వాత టై రాడ్ చివర్లు, ఐడ్లర్ ఆర్మ్. ఇవి అరిగి ఉండగా పైన ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా ఆ రెండంగుళాల ఆట పోదు. ఆ తర్వాత బాక్సు, పంపు. చివర్లో అలైన్‌మెంట్, అదీ పవర్ స్టీరింగుకి చెప్పిన కొలతలతో, పాత కొలతలతో కాదు. చక్రం 15 అంగుళాలదే ఉంటుంది. అంతా అయ్యాక కారుని గ్యారేజీలోంచి బయటికి తీసి, గోడ పక్కన నిలబెట్టి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసేది నేను, బిల్లు కట్టేది ఆ తర్వాత. ఈ ఆఖరి ముక్క కూడా ఎస్టిమేట్ కాగితం మీద రాయించాను. సంతకం మా వారిది.