కొకైనా? క్వినైనా?

మా చీమకుర్తి నల్లరాతిలో మెరుపుచుక్కలు చూసి మురిసేవారికి, రాతిగనుల్లో మందు కూరి పేల్చేవాడి అరచేతులు గుర్తుకు రావు. ఎంత తోముకున్నా ఆ చేతుల్ని రేణువులు ఒకపట్టాన వదలవు. రేపు ఒంగోలు స్టేషనులో, ఆ మందు జాడ పట్టే ఆప్టమర్ పరికరం పోలీసుల దగ్గర ఉందనుకోండి. వీణ్ణి చూసి కూసి తీరుతుంది.

ఆప్టమర్ అంటే ఏమిటంటారా? చిన్న డి.ఎన్.ఏ. లేక ఆర్.ఎన్.ఏ. తునక. కోటానుకోట్ల తునకల్లోంచి, కోరిన పదార్థాన్ని పట్టుకునేదాన్ని వడపోసి వడపోసి ఏరుతారు. పట్టుకోగానే దాని మడత మారుతుంది. ఆ మార్పును పరికరం విద్యుత్తుగానో, వెలుగుగానో చూపుతుంది. 1990లో అమెరికాలో లారీ గోల్డ్ బృందమూ, జాక్ షోస్టాక్ బృందమూ వేరువేరుగా ఈ కిటుకు కనిపెట్టాయి. పోలీసు కుక్కలా దీనికి తిండి అక్కర్లేదు, అలసట లేదు.

ఇక తమాషా వినండి. కొకైను కోసం ఏరిన ఒక పేరుమోసిన తునక, కొకైను కన్నా క్వినైనునే ఎన్నోరెట్లు గట్టిగా పట్టుకుంటుందని కెనడా శాస్త్రజ్ఞులు తేల్చారు! మలేరియాకి మన పెద్దలు మొహం చిట్లించి మింగిన చేదుమందేనండీ.

పరికరం వద్దనను. కూసిందే తడవుగా బేడీలు వేయక, నమూనాను ప్రయోగశాలకు పంపి మరో పద్ధతిలో సరిచూడాలి. అందాకా ఆ కూలీని బెంచీమీద కూర్చోబెడతారా, రైలెక్కనిస్తారా? అది ముందే రాసి పెట్టుకోవాలి. రైలు తప్పితే టిక్కెట్టు డబ్బు ఎవరిస్తారో కూడా అందులోనే రాయమనండి.