కురచ గేరు - పొడుగు తగవు

(బి.యస్సి., యం.పి.సి., తృతీయ సంవత్సరం)

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు అంతరిక్షం గురించో, అణుశక్తి గురించో రాస్తాననుకున్నారు. నేను మా ఇంటి కారు గేరు గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. కాని మూడేండ్లు ప్రాక్టికల్సు చేసి నేర్వని సంగతి ఒకటి, ఆ కారులో తల దూర్చి ఒక్క పూటలో నేర్చుకున్నాను. అది చెప్పకుండా ఉండలేను.

మాది గద్వాల దగ్గర పల్లె. సీడుపత్తి చేస్తాము. క్రాసింగు రోజుల్లో కూలీల అన్నం, మందు డబ్బాలు, పత్తి సంచులు అన్నీ మోసేది మా పాత సెకండ్‌హ్యాండు కారే. నాయినకు ఎడమ భుజం సరిగా లేవదు. చాలా ఏండ్ల కింద బండి మీది నుంచి పడ్డాడు. మన దేశంలో గేరు వేసేది ఎడమ చేత్తోనే కదా! పాత గేరు కడ్డీ పొడుగ్గా, కొంచెం వదులుగా ఉండేది. నాయినకు అదే వాటం. మా అన్నకు అదే నామోషీ. స్నేహితుల కార్లలో గేరు మణికట్టు తిప్పితే పడుతుంది, మన కారులో గడ్డపార తోసినట్టు తొయ్యాలి అని వాడి బాధ. పోయిన వేసవిలో ఒక షెడ్డులో కురచ గేరు కడ్డీ బిగించుకొని వచ్చాడు. బజారులో దీన్ని షార్ట్ షిఫ్టరు అంటారు. అదే రోజు కాళ్ళ కింద దళసరి రబ్బరు మ్యాటు కూడా వేయించాడు. ఈ మ్యాటును గుర్తుంచుకోండి.

గడ్డపార పట్టినవాళ్ళకు ఈ కడ్డీ కిటుకు చెప్పనక్కరలేదు. పొడుగు గడ్డపారతో బండను లేపితే చెయ్యి చాలా దూరం పోతుంది, బరువు తేలిక. కురచదైతే చెయ్యి కొంచెమే కదులుతుంది, నడుము విరుగుతుంది. గేరు కడ్డీ కూడా మధ్యలో ఒక ఇరుసు మీద ఊగే గడ్డపారే. పై భాగం చెయ్యి పట్టేది. కింది కొన కేబులును లాగేది. పై భాగాన్ని కురచ చేసినా, కింది భాగాన్ని పొడుగు చేసినా చెయ్యి తిరిగే దూరం తగ్గుతుంది. దానికి బదులు బలం ఎక్కువ పెట్టాలి. ఊరికే వచ్చేది ఏమీ లేదు.

మొదటి దినం నుంచే కారు మొండికేసింది. రివర్సు వేస్తే కర్రుమని అరుపు. రెండో గేరు, నాలుగో గేరు పడ్డట్టే పడి జారిపోవడం. నాయిన ఒకసారి పట్టి చూసి, "ఏందిరా ఇది, మొండి కోడె మెడ లెక్క బిర్రుగున్నది?" అన్నాడు. "కొత్తది గద నాయినా, పది దినాల్ల సదురుకుంటది" అని అన్న.

సదురుకోలేదు. మా అక్కను నాగర్‌కర్నూల్ వైపు ఇచ్చాము. ఆమెను, పిల్లను, అమ్మను ఎక్కించుకొని అందరం శ్రీశైలం బయలుదేరాము. మన్ననూరు మీదుగా అడవిదారి. దోమలపెంట దాటి డ్యాము వైపు దిగే మలుపుల్లో అన్న రెండో గేరులో దించుతున్నాడు. ఒక మలుపులో గేరు దానంతటదే న్యూట్రలుకు వచ్చేసింది. ఇంజను పట్టు వదిలేసరికి బండి ఒక్కసారి ముందుకు దూకింది. బ్రేకు ఉంది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను. అమ్మ ఆ తర్వాత రెండు నెలలు ఆ కారు ఎక్కలేదు.

షెడ్డుకు తీసుకుపోతే, బండిని పది గజాలైనా నడపకుండానే, "గేరుబాక్సు పోయింది, దించాల్సిందే, ఇరవై వేలు" అన్నారు. సీడు డబ్బు ఇంకా చేతికి రాలేదు. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, అప్పుడు ధర మాట్లాడతాడు. ఇక్కడ నడిపించకుండానే ధర చెప్పారు. నాయిన, అన్న ఇంటికొచ్చి కొట్లాడుకొన్నారు. నాకు మాత్రం ఒక్క ప్రశ్న తట్టింది. నిన్నటిదాకా నడిచిన గేరుబాక్సు కడ్డీ మార్చిన దినమే ఎట్లా పోయింది? కొత్తది బిగించాక రోగం వస్తే ముందు అనుమానించవలసింది కొత్తదాన్ని కదా!

మొదట ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూశాము. ఒకటి, మూడు, ఐదు లోపలికి దిగినట్టు చేతికి స్పష్టంగా తెలిసింది. మా కారులో రివర్సు కూడా ఒకటో గేరు పక్కన ముందుకే ఉంటుంది; అదీ చప్పుడు లేకుండా పడింది. వెనక్కి లాగవలసిన రెండు, నాలుగు మాత్రం సగంలో ఆగాయి. అంటే ఒక రోగం కాదు, రెండు!

కడ్డీ చుట్టూ ఉన్న తోలు తొడుగు విప్పాము. న్యూట్రలులో కడ్డీ నిటారుగా నిలవాలి. మాది రెండు వేళ్ళ మందం వెనక్కి వాలి ఉంది. కేబులు కొసను సరిచూడకుండా బిగించారు. వెనక్కి లాగితే గేరు పూర్తిగా పడకముందే కడ్డీ ప్లాస్టిక్కు అంచుకు తగులుతోంది. లోపల పళ్ళు సగమే అల్లుకొంటున్నాయి. ఎక్కేటప్పుడు ఎట్లో నిలిచాయి. దిగేటప్పుడు బరువు ఎదురు తిరిగేసరికి జారాయి. నట్టు వదులు చేసి, గేరుబాక్సును న్యూట్రలులో ఉంచి, కడ్డీని నిటారుగా పట్టుకొని మళ్ళీ బిగించాము. అరగంట పని. రెండు, నాలుగు దిగబడ్డాయి.

ఇక రివర్సు. ఇంజను ఆపితే మెత్తగా పడుతుంది, నడుస్తుంటే అరుస్తుంది. అంటే తప్పు కడ్డీది కాదు, క్లచ్చి పూర్తిగా విడవడం లేదు. ముందుకు పోయే గేర్లలో వేగాలను కలిపే రింగులుంటాయి. 1928లో క్యాడిలాక్ కంపెనీ ఈ ఏర్పాటును కార్లలోకి తెచ్చింది. అంతకుముందు అందరూ మన పాత లారీ డ్రైవర్ల లాగా డబుల్ క్లచ్చి కొట్టవలసినవాళ్ళే. చాలా కార్లలో రివర్సుకు ఆ రింగు ఉండదు. అందుకే క్లచ్చి లోపం ముందు అక్కడే అరుస్తుంది. క్లచ్చి ఎందుకు విడవలేదు? పెడలు కింద ఆ కొత్త మ్యాటు మడత పడి ఉంది! తీసేశాము. అరుపు పోయింది. ఇరవై వేల రోగానికి మందు అది!

ఒకేరోజు రెండు మార్పులు చేసి, రెంటి తప్పునూ మూడోదాని మీద వేశాము. ఇక్కడే నా అసలు ఫిర్యాదు. మనం ల్యాబులో చేసేదీ ఇంతే. లోలకం కట్టకముందే 'జి' విలువ 980 రావాలని తెలుసు. రికార్డులో 980 రాసి, దానికి సరిపోయేటట్టు ఊపుల కాలాన్ని వెనకనుంచి లెక్కగట్టుకొంటాము. నిజానికి మన పాలమూరు ప్రాంతంలో అది 978 చిల్లర. 980 వచ్చిందన్నవాడికి మార్కులు, 978 వచ్చినవాడికి "మళ్ళీ చెయ్యి". జవాబు తెలియని ప్రయోగం ఒక్కటి కూడా మన చేత చేయించరు. చెడిపోయిన పరికరం ఇచ్చి 'ఎక్కడ చెడింది?' అని అడిగే పరీక్ష ఒక్కటి పెట్టమనండి. ఫస్టు క్లాసు వాళ్ళం ఎంతమందిమి నిలుస్తామో!

మూడో సంగతి మిగిలింది, బిర్రు. ఫిజిక్సు లెక్చరరు గారిని స్ప్రింగు త్రాసు అడిగితే, ఎందుకని అడగకుండా ఇచ్చారు. పాత కడ్డీ డిక్కీలోనే ఉంది. రెండూ బిగించి చూశాము. పాతదానికి ఇరుసుకు పైన 30 సెంటీమీటర్లు, కింద 5. కొత్తదానికి పైన 24, కింద 6. పాతది 9 సెంటీమీటర్లు కదిలితే గేరు పడుతుంది, సుమారు 3 కిలోల బలంతో. కొత్తది 6 సెంటీమీటర్లే, బలం నాలుగున్నర కిలోలు. గుణిస్తే రెండూ ఇరవై ఏడే. ఏ షెడ్డులోనూ దీనికి మరమ్మతు లేదు. ఇది రోగం కాదు, బేరం.

బేరం మంచిదా చెడ్డదా అంటే, నడిపేవాడి చేతిని బట్టి. కారు ముట్టుకోవడమే తప్పనే పెద్దలతో నేను ఏకీభవించను. 2014లో తయారీ ఆగిన అంబాసిడరులో చాలాకాలం గేరు స్టీరింగు పక్కనే ఉండేది. దాన్ని నేలమీదికి మార్పించుకొన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నాకైతే కురచ కడ్డీ నచ్చింది, దాచడమెందుకు! కాని అన్న కొన్నది తన చేతి కోసం. నడిపేది ఎక్కువగా నాయిన. ఆ నాలుగున్నర కిలోలు పడేది ఆయన భుజం మీద.

ప్రస్తుతానికి పాత కడ్డీయే బిగించి ఉంది. క్రాసింగు అయిపోగానే మళ్ళీ మారుస్తానని అన్న అంటున్నాడు. నాయిన ఔననలేదు, కాదనలేదు. ఆ రబ్బరు మ్యాటును మాత్రం తీసుకుపోయి కొట్టంలో దూడ కింద పరిచాడు.