జపానును గూర్చి ఎవరి భాషలో వినవలెను?

విశాఖపట్నము సముద్రతీరమందలి విశాఖ మ్యూజియములో ఒక బాంబు తొడుగు ఉన్నది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఈ రేవుపైనను, కాకినాడపైనను దాడి చేసిననాటి గుర్తు అది. ఆనాడు మూటాముల్లె నెత్తిన పెట్టుకొని పల్లెలకు తరలిపోయిన కుటుంబముల కథలు మేము మా పెద్దల నోట విన్నాము. ఆ పిమ్మట పదునెనిమిదేండ్లకు, 1960లో, అదే జపానునకు ఇనుప ఖనిజము అమ్ముటకు మన ప్రభుత్వము ఒడంబడిక చేసికొన్నది. బైలదిల్లా కొండలనుండి తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస వరకు రైలుమార్గము వేసినారు. 1968లో కిరండూల్ గని పని ప్రారంభించినది. బాంబులు పడిన రేవులోనే జపాను ఓడలు ఖనిజము నింపుకొని పోయినవి.

జపాను ఆర్థికాభివృద్ధిని, వాస్తుశిల్పమును, సంఘజీవనమును ప్రపంచ పరిస్థితులతో ముడిపెట్టి ప్రసంగించు బహిరంగ సభలు మన నగరములో అప్పుడప్పుడు జరుగుచుండును. విద్యార్థులను వెంటబెట్టుకొని మేమును కొన్నింటికి పోయినాము. వక్తలు పండితులే; అందు సందేహము లేదు. కాని ఆ సభలలో ఈ బాంబు తొడుగు ప్రసక్తి గాని, కంచరపాలెము వారికి నిత్యమును కనబడు ఆ ఖనిజపు బండ్ల ప్రసక్తి గాని మేము వినలేదు. విన్నది ఎల్లప్పుడు ఒక్కటే: జపానుకు భూగర్భ సంపద లేదు, క్రమశిక్షణ ఉన్నది, మనకు సంపద ఉన్నది, క్రమశిక్షణ లేదు. ఇంతే.

అట్టి ఒక సభలో మా విద్యార్థి ఒకడు లేచినాడు. వాని తండ్రి రేవులో కూలి. "అయ్యా, వారికి ఇనుము లేనప్పుడు అంత ఉక్కు ఎట్లు చేసినారండీ?" అని తెలుగులో అడిగినాడు. ప్రశ్న ఆంగ్లములో అడుగవలసినదని అధ్యక్షులు సెలవిచ్చినారు. పిల్లవాడు కూర్చుండిపోయినాడు. ఆ సాయంకాలము వెలువడిన ప్రశ్నలలో అంతకంటె మంచి ప్రశ్న మరియొకటి లేదని మా అభిప్రాయము. మేమైనను లేచి వాని మాటను ఆంగ్లములో చెప్పవలసినది. చెప్పలేదు. ఆ సిగ్గు ఈ వ్యాసమునకు ఒక కారణము.

వాని ప్రశ్నకు జవాబు కష్టమైనది కాదు. 1950లో జపాను చేసిన ఉక్కు రమారమి 48 లక్షల టన్నులు. 1973లో అది దాదాపు 12 కోట్ల టన్నులు. సముద్రతీరమున, పూడ్చిన నేలపైన, ఓడలు నేరుగా వచ్చి ఆగునట్లు వారు కర్మాగారములు కట్టుకొన్నారు. ఓడ ఎంత పెద్దదైన టన్నుకు రవాణా ఖర్చు అంత తగ్గును. కనుక ఖనిజము వేల మైళ్ళ దూరమునుండి వచ్చినను గిట్టుబాటైనది. ఆ పెద్ద ఓడలకు మన లోపలి రేవు చాలలేదు. 1976లో ప్రారంభమైన బాహ్య రేవు అట్టి ఓడలకొరకే. క్రమశిక్షణ అబద్ధమని మేమనుట లేదు. కాని ఆ ఉక్కులో బైలదిల్లా కొండ యొక్క భాగమును, మన రేవు కూలీల చెమటయు ఉన్నవని చెప్పనిచో లెక్క సగమే చెప్పినట్లు.

మిగిలిన సగము ఇంకను చేదైనది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయినారు. 1971లో శంకుస్థాపన జరిగినది. కర్మాగారమును జాతికి అంకితము చేయుటకు 1992 వరకు పట్టినది. జపాను పద్ధతిని పోలినట్లే అదియును తీరమున కట్టినదే. అయినను దానికి నేటికిని సొంత ఇనుప గని లేదు. ఖనిజము కొనుక్కొనవలసినదే. గని లేకయే జపాను కర్మాగారములు ఎట్లు నిలిచినవి, గని లేదన్న బాధ మన కర్మాగారమును ఇంతగా ఎందుకు వేధించుచున్నది? జపాను ఆర్థికవేత్త ఎవరైన వచ్చినచో మన పిల్లలు అడుగవలసిన ప్రశ్న ఇది. దీనిని అడుగుటకు ఆంగ్లము అక్కరలేదు.

భాష మాట వచ్చినది కనుక మన కమిటీ పెద్దలకు ఒక పాత సంగతి విన్నవించుచున్నాము. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడైన సయ్యద్ రాస్ మసూద్ గారు హైదరాబాదు రాజ్యములో విద్యాశాఖాధిపతిగా ఉండి, 1922లో జపానుకు వెళ్ళి అచ్చటి విద్యావిధానమును పరిశీలించి వచ్చినారు. మరుసటి యేడు ఆ పరిశీలన గ్రంథరూపమున వెలువడినది. మన దేశీయులలో జపానును అంత శ్రద్ధగా చూచివచ్చినవారు అప్పటికి అరుదు. జపానులోను తొలుత ఉన్నత విద్య పరభాషలోనే సాగినది. 1877లో స్థాపితమైన టోక్యో విశ్వవిద్యాలయములో విదేశీయాచార్యులు తమ భాషలలో పాఠములు చెప్పినారు. క్రమక్రమముగా వారి స్థానములో జపానీయులు వచ్చినారు. శాస్త్రములకు జపాను భాషలో పదములు పుట్టించుకొన్నారు. తర్జుమా శాఖను నెలకొల్పి ఉర్దూ మాధ్యమముగా నడిచిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రయత్నమునకు జపాను అనుభవము గొప్ప అండ.

అయితే ఇచ్చట మేమొక మాట దాచము. నిజాము ప్రజలలో అత్యధికులు తెలుగువారు. మరాఠీ, కన్నడము మాట్లాడువారును ఉండిరి. వారి పిల్లలకు ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. జపాను పాఠమును హైదరాబాదు సగము మాత్రమే గ్రహించినది. ఉర్దూ, తెలుగు రెండును ఒకే చూరు క్రింద నున్న మన కళాశాలకు ఆ రెండవ సగమును పూర్తి చేయగల అవకాశమున్నది. ఆంగ్లోపన్యాసములవలన కళాశాలకు గౌరవము హెచ్చునని కొందరు పెద్దలు అనుచున్నారు. వెనుక వరుసలో ఎనుబది మంది పిల్లలు ఏమియు తెలియక చప్పట్లు కొట్టుట గౌరవమని మేమనుకొనలేము.

వాస్తుశిల్పము సంగతియు ఇట్టిదే. అమరావతి ప్రభుత్వ భవనములకు జపాను శిల్పి ఫుమిహికో మాకి నమూనా 2016లో ఎంపికై, పిదప తొలగింపబడిన వార్త పత్రికలలో చూచినాము; రాజధానుల ముచ్చట అది. మన పేటలో ఇండ్ల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కంచరపాలెములో పైకప్పు రేకులు కాగితములవలె ఎగిరిపోయినవి. ఆ యేడే ప్రిట్జ్‌కర్ బహుమానము పొందిన షిగేరు బాన్ అను జపాను శిల్పి నిజముగానే కాగితముతో ఇండ్లు కట్టిన వాడు! 1995లో కోబె నగరమున భూకంపము వచ్చినప్పుడు, ఇసుక నింపిన బీరు పెట్టెలు పునాదిగా, కాగితపు గొట్టములు గోడలుగా నిరాశ్రయులకు ఇండ్లు లేపినాడు. 2001లో గుజరాతు భూకంపము తరువాత భుజ్‌లో అదే పని చేసినాడు. అచ్చట బీరు పెట్టెలు మాని కూలిన కట్టడముల రాళ్ళనే పునాదిగా వాడి, పైన మన మట్టి అలుకు పూయించినాడు. ఏ ఊరి సరకు ఆ ఊరికి వాడుట ఆయన విద్య. మా విద్యార్థులలో తాపీమేస్త్రీల బిడ్డలు ఉన్నారు. వారికి ఈ విషయము చెప్పిన వక్త లేడు.

కోబె అనగానే మరియొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. జపానులో తొలి మసీదు 1935లో ఆ నగరముననే వెలసినది; దాని నిర్మాణమునకు ధనమిచ్చినవారిలో భారతీయ వర్తకులును ఉన్నారు. 1945 బాంబుదాడులలోను, 1995 భూకంపములోను అది నిలిచినది.

సంఘజీవనమును గూర్చి మేము ఎక్కువ చెప్పబోము. అచ్చట నలుగురిలో ఒకరికంటె ఎక్కువ మంది 65 ఏండ్లు దాటినవారు. పనిభారముచే మరణించుటకు "కరోషి" అని వారి భాషలో ఒక మాటయే ఉన్నది. క్రమశిక్షణను పొగడు వక్తలు దానిని కూడ పేర్కొనుట న్యాయము. ఆంధ్రప్రదేశములో స్త్రీకి సగటు సంతానము 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 1.7 మాత్రమే. ముసలితనపు సమస్య మనకును దూరములో లేదు.

కావున రాబోవు విద్యాసంవత్సరమున జపానును గూర్చి మన కళాశాలలోనే మూడు ఉపన్యాసములు ఏర్పాటు చేయవలెనని కమిటీ వారిని కోరుచున్నాము. రేవు పని ముగించుకొని తండ్రులును రాగలుగునట్లు అవి సాయంకాలము ఆరు గంటలకు ఉండవలెను. మొదటిది ఉక్కును గూర్చి కావలెను. వక్త ఆంగ్లములోనే మాట్లాడువాడైనచో ప్రక్కన నిలిచి తెనిగించు పని మేము చేయుదుము. ఉర్దూలో చెప్పుటకు మా సహోద్యోగి యొకరు అంగీకరించినారు. ప్రశ్నలు ఏ భాషలో వచ్చినను స్వీకరింపబడునని ఆహ్వానపత్రిక మీదనే అచ్చు వేయింపవలెను. ఆనాడు కూర్చుండిపోయిన విద్యార్థి ఇప్పుడు తృతీయ సంవత్సరములో ఉన్నాడు. వాడు కళాశాల వదలిపోవుటకు ముందే ఈ సభ జరుగవలెనని మా విన్నపము.