సంతకం పెట్టే ముందు సినిమాను మరిచిపోండి

"మా వాడికి కరెంటు పెడతారా? వద్దమ్మా, మందులతోనే చూడమని చెప్పు." న్యూజెర్సీలో నర్సుగా పనిచేస్తున్న నాకు తెలుగు తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాట ఇది. వాళ్ల కళ్లముందు కదిలేది మన సినిమాల్లో మంచానికి కట్టేసిన మనిషి, ఆ గావుకేకలు.

ఈ షాక్ చికిత్సలో (ఈసీటీ) నేను రోజూ చూసేది వేరు. రోగికి ముందు మత్తు ఇస్తారు. కండరాలు వదులయ్యే మందు ఎక్కించేలోపు ఒక చీలమండకు బీపీ పట్టీ బిగిస్తాం, ఆ పాదానికి మందు చేరకుండా. తలకు కరెంటు ఇచ్చాక ఫిట్స్ వస్తాయి. ఒళ్లంతా నిశ్చలంగా ఉంటుంది, ఆ కాలివేళ్లు మాత్రం అదురుతాయి. నిమిషం అటూఇటూగా అవీ ఆగిపోతాయి.

ఆ ఫిట్స్ ప్రభావం మెదడు రసాయనాల దాకా వెళ్తుంది. 1969లో సీమోర్ కెటీ, జాక్ గ్లోవిన్‌స్కీ తదితరులు ఎలుకలకు వరసగా షాకులిచ్చి చూస్తే, మెదడులో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ చురుకుదనం పెరిగింది. పప్పు, గుడ్డు లాంటి వాటి నుంచి అందే టైరోసిన్‌తో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాలు తయారయ్యే వరసలో మొదటి మెట్టు ఈ ఎంజైమ్‌దే. తయారీ వేగం కూడా దాని చేతిలోనే ఉంది. డిప్రెషన్ తగ్గడానికి ఇదొక్కటే కారణమని నేననను, ఎలుక మనిషి కాదు. కానీ ఇది శిక్ష కాదనీ, మెదడు పనితీరును మార్చే వైద్యమనీ గట్టిగా చెప్పగలను.

అయినా ఈ చికిత్స పేరెత్తితే చిన్నచూపు పాతదే. ఇది తీసుకున్నట్టు బయటపడినందుకు 1972లో అమెరికా సెనేటర్ థామస్ ఈగిల్టన్ ఉపాధ్యక్ష పదవికి పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అధ్యక్ష పదవికి పోటీ చేసిన మైకేల్ డుకాకిస్ భార్య కిట్టీ డుకాకిస్ మాత్రం తన చికిత్స గురించి 2006లో పుస్తకమే రాశారు. మనం ఇంకా పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని దాస్తున్నాం. కానీ అన్నం మానేసి, చచ్చిపోతానంటున్న బిడ్డకు మాత్రలు పనిచేసేదాకా వారాల తరబడి ఆగే వ్యవధి ఉండదు. మందులకు లొంగని, లేదా త్వరగా గుణం కనిపించాల్సిన తీవ్ర డిప్రెషన్‌కు 13 ఏళ్లు నిండినవారిలో ఈ చికిత్స యంత్రాల వాడకాన్ని 2018లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుర్తించింది. మత్తు, కండరాల మందు లేకుండా షాక్ ఇవ్వడాన్ని ఇండియాలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

మరపు మాత్రం నిజం, దాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. చికిత్స రోజుల చుట్టుపక్కల జ్ఞాపకాలు పోవచ్చు, కొన్ని తిరిగి రాకపోవచ్చు. అందుకే సంతకం పెట్టే ముందు డాక్టర్ని నిలబెట్టి అడగండి: తలకు రెండువైపులా కరెంటు పెడతారా, కుడివైపేనా? ఒకవైపైతే మరపు తక్కువ.